కోపం మింగేస్తే బీపీ తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 47. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమస్తాని. రెండేళ్లుగా బీపీ మాత్ర వాడుతున్నాను. మా అబ్బాయి ఫోన్‌లో స్టోయిక్ అనే పాత గ్రీకు, రోమన్ తత్వం గురించి చూపించాడు. మన చేతిలో లేనివాటికి బాధపడకూడదన్న మాట బాగా పట్టుకుంది. మూడు నెలలుగా ఎవరేమన్నా కోపం మింగేస్తున్నాను. మనసు అదుపులో ఉంటే మందెందుకని మాత్ర కూడా మానేశాను. ఇప్పుడు తలనొప్పి, పొద్దున లేవగానే దవడల నొప్పి, సరిగా నిద్ర లేదు. నిన్న బీపీ 164/100 ఉంది. లోపం నాలోనా, ఆ తత్వంలోనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు మాత్ర సంగతి. పాత చీటీ తీసుకుని రేపే మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మూడు నెలలు మానేశాక అదే మాత్ర, అదే డోసు సరిపోతుందా అన్నది ఆయన చూసి చెప్పాలి. ఈసీజీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్త పరీక్ష), మూత్ర పరీక్ష, షుగర్ కూడా చేయించండి. ఈలోగా ఛాతీలో బిగపట్టినట్టున్నా, మాట తడబడినా, ఒక చెయ్యి పట్టు తప్పినా ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మీరు నమ్మిన తత్వం మందు మానమని ఎక్కడా చెప్పలేదు. క్రీ.శ. 161 నుంచి 180 దాకా రోమ్‌ను ఏలిన మార్కస్ ఆరీలియస్ స్టోయిక్కులందరిలోకీ పేరున్నవాడు. ఆయన వైద్యుడు గాలెన్. గాలెన్ చేసిచ్చిన థీరియాక్ అనే లేహ్యాన్ని చక్రవర్తి రోజూ తినేవాడు. అందులో పాము మాంసం కూడా పడేది. దానితో పోలిస్తే మీ మాత్ర ఎంత! స్టోయిక్కుల లెక్కలో ఆరోగ్యం పూర్తిగా మన చేతిలో ఉండదు, కానీ కోరుకోదగిందే. బీపీ అంకె మీ చేతిలో లేదు. మాత్ర వేసుకోవడం మాత్రం మీ చేతిలోనే ఉంది.

ఇక కోపం. “నా కాయల్లో తాలెక్కడుంది?” అని రైతు మీ మీదికొచ్చాడనుకోండి. మీ గుండె దడదడలాడుతుంది, మొహం ఎర్రబడుతుంది. అది అడ్రినలిన్ పని. దాన్ని ఆపడం ఎవరివల్లా కాదు. సెనెకా అనే రోమన్ స్టోయిక్ కోపం మీద రాస్తూ దాదాపు ఇదే చెప్పాడు: ఆ మొదటి కుదుపు కోపం కాదు, “వీడు నాకు అన్యాయం చేశాడు, వదలకూడదు” అని మనసు ఒప్పుకున్నప్పుడే అది కోపమవుతుంది. మీరు ఆ తీర్పును అలాగే ఉంచుకుని నోరు మాత్రం మూసుకుంటున్నారు. పగలంతా మింగింది రాత్రి పళ్లు కొరకడంగా బయటపడుతోందని నా అనుమానం. దవడల నొప్పికి దంతవైద్యుడికి కూడా చూపించుకోండి.

మింగడానికి బదులు తీర్పును కాసేపు వాయిదా వేయండి. కోపానికి సెనెకా చెప్పిన గొప్ప మందు కూడా ఆలస్యమే. నాలుగైదు సార్లు నెమ్మదిగా గాలి పీల్చి, అంతకన్నా నెమ్మదిగా వదలండి. (యార్డులో ఆ ఘాటుకి గట్టిగా పీలిస్తే దగ్గొస్తుంది, బయటికి రండి.) అప్పుడు ఆ రైతు వైపు చూడండి. ఏడాది కష్టం ఆ టిక్కీల్లో, ఆ మిర్చి బస్తాల్లో ఉంది, ధర పడిపోయింది. అతని అరుపు మీ గురించి కాకపోవచ్చు. మచ్చు మళ్లీ తీసి అతని ముందే చూపించండి. ఆ తత్వం చెప్పే నాలుగు సుగుణాల్లో న్యాయం ఒకటి. మీ యార్డులో దాని రూపం ఇదే.

ధైర్యం కూడా అందులో ఉంది. దాన్ని మీరు పూర్తిగా వదిలేసినట్టున్నారు. యజమాని రాత్రి పది దాకా కూర్చోబెడుతుంటే ఆయనతో “అయ్యా, నా ఆరోగ్యం బాలేదు, ఎనిమిదికి వెళ్తాను” అని గొంతు పెంచకుండా చెప్పడం స్టోయిక్ పనే. నోరెత్తకపోవడాన్ని వాళ్లు గొప్పగా చెప్పలేదు.

సెనెకా రాత్రి దీపం తీసేశాక ఆ రోజు తను చేసిందంతా తిరగేసి చూసుకునేవాడట. మీకు నిద్ర కరువు కాబట్టి పక్క మీద ఆ పని పెట్టుకోవద్దు. భోజనానికి ముందు ఐదు నిమిషాలు చాలు. ఎవరి మీద అరిచారో, ఎవరికి జవాబు చెప్పాల్సింది చెప్పలేదో చూసుకోండి. హమాలీని అనవసరంగా తిట్టి ఉంటే మర్నాడు ఒక మాట చెప్పేయండి.

ఆ నాలుగు సుగుణాల్లో మరొకటైన మితం సంగతికొస్తే, మొత్తం మీద రోజుకు ఐదు గ్రాముల ఉప్పు, అంటే ఒక చిన్న చెంచా దాటకూడదు. ఊరగాయతో మొదలయ్యే మన భోజనంలో ఇది కష్టమే, నేనూ అక్కడే ఓడిపోతుంటాను. పచ్చడి రోజూ కాకుండా వారానికి రెండుసార్లకు దించండి.

బీపీ చూసుకునే ముందు అరగంట టీ తాగకుండా, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. వారం పాటు పొద్దున, సాయంత్రం రెండేసి సార్లు చూసి పుస్తకంలో రాసి డాక్టర్‌కి చూపించండి. అయితే ఆ వారం అయ్యాక వెళ్దామనో, యార్డుకు వేసవి సెలవులిచ్చాక తీరిగ్గా చూపించుకుందామనో మాత్రం ఆగొద్దు. మొదటిసారి వెళ్లేది రేపే.