తిరుపతి నుంచి పలమనేరుకు ఒంటరిగా సైకిల్ టూర్: రాత్రి దారి పక్కన టెంట్ వేసుకోవచ్చా?

లగేజీతో ఒక్కడినే వెళ్తే రోజుకు ఎంత దూరం పెట్టుకోవాలి, రాత్రి రోడ్డు పక్కన టెంట్ వేసుకుంటే ఇబ్బందా అని అడిగారు. మాది చిత్తూరు. ఈ దారిలో టెంటుతో చాలాసార్లు తిరిగినవాణ్ణి కాబట్టి చెప్తున్నా: వేసుకోవచ్చు. కాకపోతే కిలోమీటర్ల లెక్క తర్వాత. సాయంత్రం అయిదింటికి ఏ ఊరి దగ్గరుంటారో ముందు తేల్చుకోండి.

తిరుపతి నుంచి చిత్తూరు సుమారు 70 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి పలమనేరు ఇంకో 40. మ్యాపులో చూస్తే ఒక్కరోజు పనే అనిపిస్తుంది. కానీ చిత్తూరు కంటే పలమనేరు మూడొందల మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. ఆ ఎక్కుడంతా బంగారుపాళ్యం దాటాక మొగిలి ఘాట్ దగ్గరే వస్తుంది. పొద్దుటి నుంచి తొక్కి అలిసిపోయి, చీకటి పడే వేళకు లారీల మధ్య ఘాట్ ఎక్కడం ఎందుకు చెప్పండి? బంగారుపాళ్యానికి ఇవతలే పడుకుని, తెల్లారి చల్లపూట ఎక్కండి.

జనవరి, ఫిబ్రవరి నెలలు మంచివి. ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా ఉంటాయి, మార్చి తర్వాత ఎండ నిలబడనివ్వదు. తిరుపతిలో అయిదులోపే బయల్దేరితే చంద్రగిరి దాటాక వెలుగొస్తుంది. పదిన్నరలోపు పూతలపట్టు చుట్టుపక్కలకు చేరి, ఏ చింతచెట్టు కిందో మూడింటి దాకా ఒళ్ళు వాల్చండి. మధ్యాహ్నం సంగటి దొరికితే వదలొద్దు. అన్నం తిని తొక్కితే నాకు నిద్రొస్తుంది, మీ సంగతి నాకు తెలీదు.

పంక్చర్ల గురించి ఒక్క మాట. హైవే అంచున పేలిపోయిన లారీ టైర్ల ముక్కలు పడుంటాయి. వాటిల్లోంచి వెంట్రుకంత సన్నటి ఉక్కు తీగలు ఊడొచ్చి మన టైర్లో దిగుతాయి, కంటికి ఆనవు. కొత్త ట్యూబు వేసి గాలి కొట్టి నాలుగడుగులు పోయేసరికి మళ్ళీ ఉస్సుమంటుంది. టైరు లోపల పాత గుడ్డ పెట్టి చుట్టూ తిప్పండి. ఎక్కడ గుడ్డ పోగు తగులుకుంటే అక్కడ తీగ ఉన్నట్టు. ముళ్ళు తీసే పట్టకారు సంచిలో ఉంటే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది.

ఇక పడక. కనపడకుండా ఏ మూలో టెంట్ వేసుకుందామనుకోకండి. అడిగి వేసుకోండి, అదీ వెలుగుండగానే. చీకటి పడ్డాక హెల్మెట్, లైటు పెట్టుకుని తోటలోకొస్తే దొంగనుకుంటారు. వెలుగులో అయితే "ఎవురప్పా, యాడికి పోతావు?" అంటారు. "తిరుపతి నుంచి వస్తా ఉండా అన్నా, ఈ రాత్రికి మీ కళ్ళంలో గుడారం ఏసుకుంటా" అంటే చాలాచోట్ల ఒప్పుకుంటారు. "టెంటెందుకప్పా, వసారాలో పడుకో" అన్నవాళ్ళూ ఉన్నారు. పెట్రోలు బంకులో రాత్రంతా వెలుతురుంటుంది, కాకపోతే నిద్ర పట్టదు. మామిడి తోట బాగుంటుంది గానీ ఆ నెలల్లో పూతకు మందు కొడుతుంటారు, ఎప్పుడు కొట్టారో అడిగి దిగండి. చెరువు కట్ట దగ్గర వద్దు, తెల్లారేసరికి టెంటు పిండేటంత తడుస్తుంది. సైకిల్‌కి తాళం వేసి, ముందు చక్రానికో తాడు కట్టి రెండో కొస టెంట్లోకి లాక్కుంటాను నేను. పిచ్చిగా ఉంటుంది గానీ నిద్ర పడుతుంది.

అడవిలో మాత్రం వద్దే వద్దు. శేషాచలం అడవి పక్కన, తిరుపతి నుంచి పీలేరు వైపు వెళ్ళే భాకరాపేట ఘాట్ దారిలో రాత్రి ఆగితే ఎర్రచందనం నిఘావాళ్ళకు సమాధానం చెప్పుకోవాలి. పైగా చిరుతలున్నాయి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక పాప ప్రాణం పోయింది. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం నుంచి ఏనుగులు పొలాల మీదికొస్తాయి. 2025లో వాటిని తరమడానికి కర్ణాటక నుంచి కుమ్కీ ఏనుగుల్ని (అడవి ఏనుగుల్ని అదుపు చేసేలా శిక్షణ ఇచ్చినవాటిని) తెచ్చి పలమనేరు దగ్గర ముసలిమడుగులో పెట్టారంటే అర్థం చేసుకోండి. అక్కడ చెరకు, రాగి చేల పక్కన టెంటు వేయొద్దు. అరటిపళ్ళు, బెల్లం పక్కలో పెట్టుకుని పడుకోవద్దు. పలమనేరులో లాడ్జి తీసుకుంటే పరువేం పోదు.

మర్నాడు ముందుకెళ్ళాలనుకుంటే, ఒంటరిగా కుప్పం వైపు కంటే పుంగనూరు మీదుగా మదనపల్లెకు వెళ్ళండి. పలమనేరు, మదనపల్లె దాదాపు ఒకే ఎత్తు కాబట్టి మళ్ళీ మొగిలిలాంటి ఎక్కుడు తగలదు, ఊళ్ళు కూడా దగ్గరదగ్గరగానే ఉంటాయి.