ఆ తోడికోడళ్ల సినిమా పేరు 'ఫైర్'

తమ్ముడూ, తిరుపతి హాస్టల్‌లో సగం చూశానన్నావే, ఢిల్లీ ఇంట్లో ఇద్దరు తోడికోడళ్లు ఒకరినొకరు ప్రేమించుకుంటారు, మంచంలో ఉన్న మూగ అత్త గంట కొడుతూ ఉంటుందని, అది దీపా మెహతా తీసిన 'ఫైర్' (1996). షబానా ఆజ్మీ పెద్ద కోడలు రాధగా, నందితా దాస్ చిన్న కోడలు సీతగా చేశారు. నువ్వు హిందీ సినిమాల్లో వెతుకుతున్నావు కాబట్టి దొరకలేదు, అసలు తీసింది ఇంగ్లీషులో. హిందీ డబ్బింగులో సీత పేరును నీతగా మార్చారు, వెతికేటప్పుడు అది గుర్తుంచుకో.

పెద్ద కోడలు రాధ చనిపోతుందా అని టెన్షన్ పడ్డావు కదా. చనిపోదు. వంటింట్లో గొడవలో రాధ చీరకు నిప్పంటుకుంటుంది, మొగుడు చూస్తూ కూడా తల్లిని ఎత్తుకుని బయటికి పోతాడు, నాకైతే సినిమా మొత్తంలో ఒళ్లు మండింది అక్కడే. తర్వాత ఆమె వానలో నిజాముద్దీన్ దర్గాకు వచ్చి సీతను కలుస్తుంది.

మీ రూమ్మేట్ చెప్పినట్టు బ్యాన్ కాలేదు. 1998లో ఇక్కడ రిలీజైనప్పుడు థియేటర్ల మీద దాడులు జరిగాయి, మళ్లీ సెన్సారుకు పంపితే కట్ లేకుండానే బయటికొచ్చింది. పెద్దవాళ్ల సర్టిఫికెట్ సినిమా, హాల్లో టీవీ మీద కాకుండా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూడు.