యువజన సంఘం పనులతో మా అబ్బాయి పాడైపోతున్నాడా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరు. వ్యవసాయం. మా అబ్బాయి డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్, ఊళ్ళో యువజన సంఘం అంటూ ఎప్పుడు చూసినా బయటే ఉంటాడు. మొక్కలు నాటడం, రక్తదాన శిబిరాలు, సాయంత్రాలు బడి పిల్లలకు చదువు చెప్పడం. ఒక నోటుబుక్కు పెట్టుకుని ఊళ్ళో అందరి బ్లడ్ గ్రూపులూ రాస్తుంటాడు. వాడికి మాత్రం ఒక సబ్జెక్టు పోయింది. ఎంఎస్‌డబ్ల్యూ (సమాజసేవలో పీజీ) చేసి ఎన్‌జీవోలో, అంటే స్వచ్ఛంద సంస్థలో చేరతానంటాడు. నేను గ్రూప్స్ కోచింగ్‌కి పొమ్మంటున్నాను. రెండింట్లో ఏది మంచిదో పోల్చి చెప్పగలరు. మొన్న కోపంలో ఆ నోటుబుక్కు విసిరికొట్టాను. అప్పటినుంచి వాడు నాతో మాట్లాడటం లేదు.

జవాబు: పోల్చి చెప్పమన్నారు, చెప్తాను. కానీ మీ అసలు బాధ కోర్సు గురించి కాదండీ. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తూనే ఉంటాయి. ఊరు మారుతుంది, కోర్సు మారుతుంది, తండ్రి భయం మాత్రం అదే. వీడు ఇలాగే తిరిగి తిరిగి, చివరికి ఏదో ఒక పార్టీ నాయకుడి వెనకాల ఫ్లెక్సీలు కట్టుకుంటూ మిగిలిపోతాడేమోనని. మీరు ఆ మాట రాయలేదు, అయినా ఉత్తరమంతా అదే కనిపిస్తోంది.

ఆ భయం ఉత్తదేనని నేననను. పండక్కి చందాలు, ఎన్నికలకి బైక్ ర్యాలీ, మిగతా రోజుల్లో క్యారమ్స్, ఇంతకు మించి పనిలేని యువజన సంఘాలు చాలానే చూశాను. తేడా తెలుసుకోవాలంటే సంఘం లెక్కలు అడగండి. రసీదు పుస్తకం ఉందా? వచ్చింది ఎంత, ఖర్చయింది ఎంత, ఎక్కడైనా రాసి ఉందా? సంఘాన్ని రిజిస్టర్ చేయించారా? 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు, రిజిస్టర్ చేయించుకోవచ్చు. లెక్క చూపించే సంఘంలో మీవాడు ఉంటే నిశ్చింతగా ఉండండి. చూపించకపోతే అప్పుడు గొడవ పెట్టుకోండి, మీ పక్షాన నేనూ ఉంటాను.

ఇంకో సంగతి. ఎన్‌ఎస్‌ఎస్ వల్లే సబ్జెక్టు పోయిందని మీరు అనుకుంటున్నారు. ఎన్‌ఎస్‌ఎస్ వాళ్ళు అడిగేది ఏడాదికి 120 గంటలు. అంటే వారానికి రెండున్నర గంటలు కూడా కాదు. దానికి తోడు ఒక ఊళ్ళో ఏడు రోజుల క్యాంపు. దీంతో ఎవరూ ఫెయిలవరు. మిగతా టైం సంఘం ఎంత తింటోందో, ఫోన్ ఎంత తింటోందో మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవలసిన సంగతి. అయితే కూర్చోవాలి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. డిగ్రీ అన్నారు గానీ బీఏనా, బీఎస్సీనా, బీకామా రాయలేదు. సబ్జెక్టు పోయిందన్నారు, ఏ సబ్జెక్టో లేదు. నోటుబుక్కులో ఏముందో మాత్రం మీకు బాగా తెలుసు. కోపం వచ్చింది కాబట్టి దాన్ని చూశారు. చదువు గురించి అడిగి ఎన్నాళ్ళయిందో మీరే చెప్పాలి. పోలిక చెప్పమంటే నాకూ అదే అడ్డం, అసలు వాడు ఏం చదువుతున్నాడో తెలియకుండా ఎలా చెప్పను?

ఆ నోటుబుక్కు సంగతి కూడా చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం ఒక స్వచ్ఛంద సంస్థ ఫీల్డ్ ఉద్యోగాలకి ఇంటర్వ్యూలు చేస్తూ నన్నూ కూర్చోబెట్టింది. వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది ప్లాస్టిక్ ఫోల్డర్లు తెచ్చారు. ఒక్కో దాంట్లో పది పన్నెండు సర్టిఫికెట్లు, అన్నీ రంగురంగులవి, కొన్ని ఆన్‌లైన్ క్విజ్‌లో ఐదు ప్రశ్నలకి జవాబు చెబితే వచ్చినవి. 'రక్తదాన శిబిరం నిర్వహించాను' అని అందరూ రాశారు. నేను ఒకటే అడిగాను: 'మీ శిబిరంలో ఎంతమందిని రక్తం తీసుకోకుండా వెనక్కి పంపారు? ఎందుకు?' చాలామంది నా మొహం చూశారు. ఒకబ్బాయి మాత్రం జేబులోంచి చిన్న పాకెట్ పుస్తకం తీశాడు. హిమోగ్లోబిన్ 12.5 కంటే తక్కువుందని పంపేసిన వాళ్ళు, బరువు 45 కిలోలు లేక పంపేసిన వాళ్ళు, 18 నిండలేదని పంపేసిన వాళ్ళు, అంతా విడివిడిగా రాసుంది. హిమోగ్లోబిన్ తక్కువున్న వాళ్ళలో ఎక్కువమంది అమ్మాయిలేనట. దాంతో వాళ్ళ ఊరి ఏఎన్ఎం (ఆరోగ్య కార్యకర్త) దగ్గరికి వెళ్ళి ఐరన్ మాత్రల గురించి అడిగాడట. ఉద్యోగం ఎవరికి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదనుకుంటా. అతని డిగ్రీ మార్కులు అంత గొప్పవేం కావు. మీరు విసిరికొట్టింది అలాంటి పుస్తకాన్నే.

ఇక ఎంఎస్‌డబ్ల్యూ, ఎన్‌జీవో. ఇక్కడ నాకు మీకంటే ఎక్కువ అనుమానాలున్నాయి. 'డెవలప్‌మెంట్ సెక్టార్' అనే మాట ఈమధ్య బాగా నడుస్తోంది. పొలం గట్టు మీద నిలబడి ఫెలోషిప్ గురించి చెప్పే రీల్స్ మీవాడూ చూసే ఉంటాడు. ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా లాంటివి మంచి కార్యక్రమాలే. అది 2011 నుంచి నడుస్తోంది, 13 నెలలు పల్లెలో ఉండి పనిచేయాలి. కానీ పల్లె తెలియని చదువుకున్న పిల్లలకి పల్లెని చూపించడం ఇలాంటి వాటిలో పెద్ద భాగం. మీవాడు పుట్టిందే అక్కడ. ఆ 13 నెలలు అయిపోయాక ఏం చేస్తావని అడిగితే, హైదరాబాద్‌లో సొంత ఫ్లాటున్న కుర్రాడు 'ఇంకా ఆలోచించలేదు' అనొచ్చు. మీవాడు అలా అనలేడు.

ఎన్‌జీవో ఉద్యోగం గురించి వాడికి ఎవరూ చెప్పని మాట ఒకటుంది. అక్కడ చాలావరకు జీతం ఇచ్చేది సంస్థ కాదు, ప్రాజెక్టు. మూడేళ్ళ ప్రాజెక్టు అయితే మూడేళ్ళ ఉద్యోగం. 2020లో విదేశీ విరాళాల చట్టం మార్చారు. ఆఫీసు ఖర్చులకి అంతకుముందు విరాళంలో సగం దాకా వాడుకోవచ్చు, ఇప్పుడు 20 శాతమే. పైగా ఒక సంస్థకి వచ్చిన విదేశీ డబ్బుని ఇంకో సంస్థకి ఇవ్వకూడదు. పెద్ద సంస్థల దగ్గర డబ్బు తీసుకుని జిల్లాల్లో పనిచేసే చిన్న సంస్థలకి అదే పెద్ద దెబ్బ. కంపెనీలు సామాజిక పనులకి పెట్టే సీఎస్‌ఆర్ డబ్బుంది కదా అంటారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం ఖర్చు చేయాలి, నిజమే. తాము పనిచేసే చుట్టుపక్కల ప్రాంతాలకే ముందు ఇవ్వాలని కూడా అదే చట్టం చెబుతోంది. ఫ్యాక్టరీలు లేని మండలాలకి ఆ డబ్బు రావడం కష్టం.

'వాలంటీర్' అనే మాటనే నమ్ముకోవద్దని కూడా వాడికి చెప్పండి. కేంద్ర ప్రభుత్వ నెహ్రూ యువ కేంద్రాలు నేషనల్ యూత్ వాలంటీర్లకి ఇస్తూ వచ్చింది గౌరవ వేతనం, అదీ రెండేళ్ళు దాటేది కాదు. మన రాష్ట్రంలో 2019లో వచ్చిన గ్రామ వాలంటీర్లదీ గౌరవ వేతనమే. అది జీతం అనుకుని పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళు ఆ తర్వాత ఏమయ్యారో మీ ఊళ్ళోనే ఒకరిద్దరిని అడగండి.

ఇంత చెప్పినా ఎంఎస్‌డబ్ల్యూ వద్దని మాత్రం చెప్పను. ఎక్కడ చదువుతున్నామన్నదే అసలు విషయం. ఫీల్డ్‌వర్క్ కాగితం మీదే ఉండే కాలేజీలో చేరేకంటే ఇంట్లో ఉండటం మేలు. ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, టిస్ ఉంది (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, 1936 నాటిది, మహారాష్ట్ర తుల్జాపూర్‌లో పల్లెల మధ్యే ఒక క్యాంపస్ ఉంది), గ్రామీణాభివృద్ధి కోర్సులకి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఎన్ఐఆర్‌డీ (జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ) ఉంది. గుజరాత్‌లో అమూల్ కురియన్ గారు 1979లో పెట్టిన ఇర్మా, రూరల్ మేనేజ్‌మెంట్‌కి పేరున్న చోటు. ఇలాంటి వాటిలో సీటొస్తే పంపండి. రాకపోతే అప్పు చేసి ఊరూపేరూ లేని కాలేజీలో మాత్రం చేర్పించకండి.

గ్రూప్స్ సంగతి రెండు ముక్కల్లో. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియని పరీక్షకి డిగ్రీ పూర్తికాకుండానే కోచింగ్ ఎందుకు? హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో అద్దె గదిలో మూడేళ్ళు కూర్చున్న కొడుకుని చూసి మీ ఊళ్ళో ఎవరూ 'తిరుగుతున్నాడు' అనరు, అంతే తేడా. ఎన్‌ఎస్‌ఎస్ సర్టిఫికెట్‌కి అక్కడ మార్కులేమీ కలవవు, ఆ ఆశ పెట్టుకోవద్దు. సర్టిఫికెట్ చూపించి సైన్యంలో రాతపరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూకి వెళ్ళేది ఎన్‌సీసీ వాళ్ళు, ఈ రెండూ ఒకటనుకునే తండ్రులు బోలెడంతమంది. కాకపోతే పంచాయతీ కార్యదర్శి, ఎంపీడీవో అనేవి మీవాడు సంఘం తరఫున అర్జీ పట్టుకుని ఎవరి ముందు నిలబడతాడో ఆ కుర్చీలే. ఆ మాట మీరు చెప్తే వాడికి గ్రూప్స్ మీద మనసు కలగవచ్చు. 'పో, కోచింగ్‌లో చేరు' అంటే కలగదు.

ప్రస్తుతానికి వాడికి ఒకే ఒక్క షరతు పెట్టండి. పోయిన సబ్జెక్టు సప్లిమెంటరీలో పాసవ్వాలి, పరీక్షలకి మూడు వారాల ముందునుంచీ సంఘం పని బంద్. దీనికి ఏ కొడుకూ ఎదురు చెప్పలేడు. పీజీ గురించి ఆలోచించడానికి ఇంకా ఏడాది టైముంది, ఈలోగా వాడే రెండుసార్లు మనసు మార్చుకుంటాడు. మీరు టెన్షన్ పడాల్సినంత ఏమీ జరగలేదు.

నోటుబుక్కు ఎక్కడ పడిందో వెతికి తీసి, మీ చేత్తోనే ఇవ్వండి. ఇచ్చేముందు మీ బ్లడ్ గ్రూపు అందులో ఉందో లేదో చూడండి. లేకపోతే రాయించుకోండి, ఆరోగ్యంగా ఉంటే 65 ఏళ్ళ దాకా ఇవ్వొచ్చు.