కర్సర్ జోలికి ఎప్పుడు పోవాలి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నువ్వు తయారుచేసి పంపిన వెబ్ ఫారం నింపి చూశాను. పుట్టిన తేదీ గడిలోకి వెళ్లాక, పైన పేరు రాయడం మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి వెళ్లబోయాను. అక్కడి నుంచి రెండు గడులూ కర్సర్ నాదంటే నాదని కొట్టుకున్నాయి. ఎందుకో నీకే తెలుస్తుంది చూడు. తేదీ ఖాళీగా ఉంది కాబట్టి దాని బ్లర్ ఫంక్షన్ (కర్సర్ గడి దాటగానే నడిచే కోడ్) ఫోకస్‌ను, అంటే కర్సర్‌ను, వెనక్కి లాగింది. అలా లాగేసరికి పేరు గడికి బ్లర్ అయింది. అదీ ఖాళీయే, కాబట్టి తన వంతు తను లాగింది. ఫోకస్ నిలవడం లేదని, కాస్త ఆగి పని చేయించే సెట్‌టైమౌట్ కూడా తగిలించినట్టున్నావు. దానితో జగడం తీరలేదు సరికదా, ఎప్పటికీ ఆగకుండా సాగుతోంది.

అమ్మాయీ, బ్లర్‌లో ఫోకస్‌ను ముట్టుకోకు. మనిషి గడి దాటి వెళ్లాడంటే వెళ్లాలనుకునే వెళ్లాడు. వివరం వెతుక్కోవడానికి కావచ్చు, రద్దు బటన్ నొక్కడానికి కావచ్చు. కీబోర్డుతో లోపలికి వచ్చినవాడు కీబోర్డుతోనే బయటికి పోగలగాలని వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల్లోని 2.1.2 నియమం కూడా చెబుతోంది. రాసినదానిలో తప్పుంటే గడి కింద ఒక మాట చూపించి ఊరుకో. ఖాళీగా వదిలేస్తే అదీ వద్దు, సబ్మిట్ దాకా ఆగు. ఈమెయిల్ సగం టైప్ చేస్తుండగానే చెల్లదని ఎర్రబారే గడిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒకసారి తప్పు చూపించాక మాత్రం ప్రతి అక్షరానికీ మళ్లీ సరిచూడు, దిద్దుకున్న క్షణంలోనే ఆ మాట మాయం కావాలి. పేజీ రూపం దిద్దే సీఎస్ఎస్‌లో, తప్పు గడులను పట్టే ఇన్‌వాలిడ్ బదులు యూజర్-ఇన్‌వాలిడ్ వాడు. మొదటిది పేజీ తెరవగానే, ఇంకా ఎవరూ ముట్టని తప్పనిసరి గడులకు కూడా అంటుకుంటుంది.

కర్సర్‌ను కదిలించే హక్కు నీకు వచ్చేది సబ్మిట్ నొక్కినప్పుడు. అప్పుడు కూడా వరుస ముఖ్యం. ముందు అన్ని గడులనూ పరీక్షించు. తప్పున్న ప్రతి గడికీ, తప్పుందని స్క్రీన్ రీడర్‌కు (తెర మీది మాటలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు) చెప్పే ఏరియా-ఇన్‌వాలిడ్ పెట్టి, సందేశాన్ని ఏరియా-డిస్క్రైబ్డ్‌బైతో ఆ గడికి జత చెయ్యి. అంతా అయ్యాకే మొదటి తప్పు గడికి ఫోకస్ ఇవ్వు. ఫోకస్ ముందు ఇచ్చి సందేశం తర్వాత పెడితే, స్క్రీన్ రీడర్ గడి పేరు చదివేసి సందేశాన్ని వదిలేసే ప్రమాదం ఉంది. మొదటిదంటే నీ కోడ్‌కు ముందు దొరికినది కాదు, పేజీలో పైన ఉన్నది. జావాస్క్రిప్ట్‌లోని క్వెరీసెలెక్టర్‌తో వెతికితే పేజీ వరుసలోనే ఇస్తుంది. ఆ గడిలో ఉన్న పాఠాన్ని మొత్తం సెలెక్ట్ చేసి పెట్టకు. ఒక్క కీ తగిలితే రాసినదంతా పోతుంది, తప్పు ఒక్క అంకెలోనే అయినా సరే.

ఫారం బాగా పొడవైతే దారి వేరు. తప్పుల జాబితా పైన పెట్టి, ఒక్కోదాన్నీ దాని గడికి లింకు చేసి, కోడ్ పంపే ఫోకస్ అందుకునేలా జాబితాకు ట్యాబ్ఇండెక్స్ మైనస్ 1 ఇచ్చి, ఫోకస్ ఆ జాబితాకే పంపు.

కనిపించని గడుల విషయంలో జాగ్రత్త. మూసి ఉన్న విభాగంలో తప్పనిసరి గడి ఉంటే, బ్రౌజర్ సొంత తనిఖీ దాన్ని పట్టుకుని సబ్మిట్‌ను ఆపేస్తుంది కానీ ఫోకస్ ఇవ్వలేకపోతుంది. తెర మీద ఏమీ కనిపించదు, ప్రోగ్రామర్లు చూసుకునే కన్సోల్‌లో మాత్రం ఒక గొణుగుడు ఉంటుంది. వాడేవారికి బటన్ పనిచేయనట్టే. విభాగం తెరిచాకే ఫోకస్ ఇవ్వు. పైన అంటుకుని ఉండే హెడర్ ఉంటే గడి దాని వెనక్కి పోకుండా స్క్రోల్-మార్జిన్-టాప్ పెట్టు. గడికి నీ సొంత తప్పు సందేశం పెట్టే సెట్‌కస్టమ్‌వాలిడిటీ వాడితే, తప్పు దిద్దుకున్నాక ఖాళీ స్ట్రింగ్ (ఏ అక్షరమూ లేని పాఠం) ఇచ్చి చెరిపెయ్యి, లేదంటే ఆ ఫారం ఎన్నటికీ ముందుకు పోదు.

సందేశాల సంగతి. “తప్పు విలువ” అంటే ఎవరికి ఏం అర్థమవుతుంది? “పుట్టిన తేదీ ఈరోజు తర్వాతిదిగా ఉంది, సంవత్సరం సరిచూడండి” అను. ఎర్ర రంగు ఒక్కటే చాలదు, మాట ఉండాలి. అన్నీ సరిగ్గా నింపేదాకా సబ్మిట్ బటన్‌ను నిద్రపుచ్చే అలవాటు మానుకో. ఏది మిగిలిందో చెప్పే అవకాశాన్ని నువ్వే పోగొట్టుకుంటున్నావు. సర్వర్‌లో కూడా ఇవే తనిఖీలు ఉండాలని నీకు వేరే చెప్పనక్కర్లేదు. అక్కడి నుంచి తిరిగొచ్చినప్పుడు రాసినవన్నీ గడుల్లో అలాగే ఉండాలి.

సవరించాక మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ కీతోనే ఫారం నింపి చూడు. తర్వాత స్క్రీన్ రీడర్ పెట్టుకుని, తెర ఆపేసి మరోసారి.

ఇట్లు,
మామయ్య