శిలాజాల గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. చదివించే గుణం ఉంది నీ భాషలో. కానీ "చేపలు నీళ్లు వదిలి నేల మీదికి వచ్చాయి" అంటూ ఒక్క వాక్యంలో దాటేసిన చోట ఆగిపోయాను. మాట నిజమే. పాఠకుడు దాన్ని ఎందుకు నమ్మాలి? నువ్వు చెప్పావు కాబట్టా? శిలాజాల గురించి రాసేటప్పుడు ముందు ఎముక చూపించు. కథ ఆ తర్వాత చెప్పు.

చేపకూ నాలుగు కాళ్ల జంతువుకూ నడిమి రూపమైన టిక్టాలిక్ శిలాజాన్నే తీసుకో. శిలాజ శాస్త్రజ్ఞులు నీల్ షూబిన్, టెడ్ డేష్లర్ వాళ్ల బృందానికి అది గాలివాటుగా దొరకలేదు. 38 కోట్ల ఏళ్ల నాటి చేపలు తెలుసు, 36 కోట్ల చిల్లర ఏళ్ల నాటి నాలుగు కాళ్ల జంతువులు తెలుసు. ఆ నడిమి కాలపు రాళ్లు, ఒకప్పుడు వాగులు పారిన చోట పేరుకున్నవి, ఎక్కడ బయటపడి ఉన్నాయో మ్యాపుల్లో వెతికారు. కెనడా ఉత్తర కొసన ఎల్స్‌మియర్ దీవిలో ఉన్నాయని తేలింది. కొన్ని వేసవులు గాలించాక 2004లో దొరికింది. ఒంటినిండా పొలుసులు, చేపకున్నట్టే వాజాలు. తల మాత్రం మొసలి తలలా బల్లపరుపుగా ఉంది, కళ్లు పైకి ఉన్నాయి. చేప తల భుజం ఎముకలకు అతుక్కుని ఉంటుంది. దీని తల విడిగా ఉంది, అంటే మెడ ఉంది. వాజం లోపల చూస్తే భుజం, మోచేయి, మణికట్టు! ఇంత రాశాక ఇక నువ్వు నమ్మించాల్సిన పనేం ఉంటుంది?

అయితే దాన్ని మన ముత్తాత అని మాత్రం రాయకు. 2010లో పోలండ్‌లోని జాహెల్మి క్వారీలో అంతకన్నా పాత అడుగుజాడలు, దాదాపు 39 కోట్ల ఏళ్ల నాటివి, దొరికినట్టు ప్రకటించారు. అవి నాలుగు కాళ్ల జంతువులవే అయితే, టిక్టాలిక్ కన్నా ముందే ఆ జంతువులు ఉన్నట్టు. కానీ అవి వాటివేనా అన్న వాదన ఉంది. ఆ వాదన కూడా రాయి, పాఠకుడికి ఇష్టంగానే ఉంటుంది.

లేటోలీ గురించి నువ్వు రాసిన పేరా నాకు బాగా నచ్చింది. టాంజానియాలో తడిసిన అగ్నిపర్వత బూడిద మీద 36.6 లక్షల ఏళ్ల కిందట ఎవరో నడిచి వెళ్లారు. శాస్త్రజ్ఞురాలు మేరీ లీకీ బృందం 1978లో ఆ జాడలు బయటపెట్టింది. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే, మన పాదంలో ఉన్నట్టే ఉంది. ఆ అడుగులు మన పూర్వీకుల వరసలోని ఆస్ట్రలోపితెకస్ అఫరెన్సిస్ జాతివని ఎక్కువమంది అభిప్రాయం. ఆ జాతి మెదడు చింపాంజీ మెదడు కన్నా కాస్తే పెద్దది. అంటే మెదడు పెరగక ముందే నిటారుగా నడిచాం! ఈ ఒక్క సంగతి దగ్గర కాసేపు నిలబడు. "తల్లి చెయ్యి పట్టుకున్న బిడ్డ" అని నువ్వు చేర్చినదాన్ని మాత్రం కొట్టేశాను. ఆ రాతిలో పాదాలున్నాయి, చేతులు లేవు.

శాస్త్రజ్ఞులు పొరబడిన సంగతులు దాచాల్సిన పని లేదు. ఇగ్వానడాన్ అనే డైనోసార్ బొటనవేలి ముల్లును, దానికి పేరు పెట్టిన ఇంగ్లిష్ వైద్యుడు మాంటెల్, ముక్కు మీద కొమ్ముగా గీశాడు. 1878లో బెల్జియంలోని బెర్నిసార్ గనిలో పూర్తి అస్థిపంజరాలు బయటపడ్డాక ఆ ముల్లు చేతికి చేరింది.

చివరగా, డైనోసార్ ఎముక వయసు కార్బన్ డేటింగ్‌తో కట్టారని రాశావు. అది కుదరదు. కార్బన్ పద్ధతి సుమారు 50 వేల ఏళ్ల దాకానే పనికొస్తుంది. అంతకన్నా పాతవాటికి శిలాజమున్న పొరకు పైనా కిందా ఉన్న అగ్నిపర్వత బూడిద పొరలు చూస్తారు. ఆ బూడిదలోని స్ఫటికాల్లో యురేనియం సీసంగా, పొటాషియం ఆర్గాన్‌గా ఎంత మారిందో కొలుస్తారు. శిలాజం వయసు ఆ రెండు పొరల వయసుల మధ్య ఉంటుంది. ఈ పేరా పెద్దదైపోతుందేమోనని టెన్షన్ పడకు, నిదానంగా విడమరిచి రాయి. చేపల వాక్యం, ఈ పేరా తిరగరాసి పంపు. వెంటనే చదువుతాను.

ఆశీస్సులతో.