టెక్ సందేహాలు: ‘0’ ఫోల్డర్ దగ్గర పీహెచ్‌పీ లూప్ ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ రసీదులు చూపించడానికి పీహెచ్‌పీలో ఒక పేజీ రాశాను. అంతస్తుకో ఫోల్డర్: 0, 1, 2, 3, 4. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఒక్కటీ కనిపించట్లేదు. లినక్స్ సర్వర్‌లో పెడితే మూడు కనిపించి ఆగిపోతోంది. ఎర్రర్ ఏమీ రావట్లేదు. ఫోల్డర్లలోకి కూడా వెళ్లలేకపోతున్నాను.
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: మీరు పంపిన లూప్ ఇది: వైల్ ($పేరు = రీడ్‌డిర్($హ్యాండిల్)). చిక్కంతా ఈ ఒక్క లైన్లోనే ఉంది.

ఓపెన్‌డిర్ ఫోల్డర్‌ను తెరిచి ఒక హ్యాండిల్ (ఆ ఫోల్డర్‌ను చదవడానికి వాడే గుర్తు) ఇస్తుంది. రీడ్‌డిర్ పిలిచినప్పుడల్లా ఒక్కో పేరు ఇస్తూ, పేర్లన్నీ అయిపోయాక ఫాల్స్ ఇస్తుంది. కానీ పీహెచ్‌పీలో షరతు చూసేటప్పుడు "0" అనే స్ట్రింగ్ కూడా ఫాల్స్ కిందే లెక్క. గ్రౌండ్ ఫ్లోర్ ఫోల్డర్ రాగానే లూప్ ముగిసిపోతుంది. పీహెచ్‌పీ దృష్టిలో అది తప్పు కాదు, అందుకే ఎర్రర్ రాదు.

రెండు చోట్లా రెండు రకాలుగా ఎందుకంటే, రీడ్‌డిర్ తనంతట తాను వరుస పెట్టదు. ఫైల్ సిస్టం (డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) ఇచ్చిన వరుసే ఇస్తుంది. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్ సాధారణంగా అక్షర క్రమంలో ఇస్తుంది కాబట్టి 0 ముందే తగులుతుంది. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4లో ఆ క్రమం ఉండదు, మధ్యలో ఎక్కడైనా రావచ్చు.

లూప్‌ను ఇలా మార్చండి (టైపు చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే):

వైల్ (ఫాల్స్ !== ($పేరు = రీడ్‌డిర్($హ్యాండిల్)))

!= పెడితే సరిపోదు, రెండు సమానం గుర్తులూ ఉండాల్సిందే. లోపలి బ్రాకెట్లు మరిచిపోవద్దు.

ఇక ఫోల్డర్లలోకి వెళ్లడం. రీడ్‌డిర్ ఇచ్చేది "3" అనే పేరు మాత్రమే, పూర్తి పాత్ కాదు. ఈజ్‌_డిర్("3") అంటే స్క్రిప్ట్ నడుస్తున్న చోట 3 కోసం వెతుకుతుంది, దొరకదు. $పాత్ (మీరు తెరిచిన ఫోల్డర్ పాత్) . '/' . $పేరు అని కలిపి అడగండి. దానికన్నా ముందు "."నీ (అదే ఫోల్డర్) ".."నీ (దాని పై ఫోల్డర్) కంటిన్యూతో దాటేయండి. లేకపోతే ఫంక్షన్ తననే తాను పిలుచుకుంటూ అదే ఫోల్డర్‌లో తిరుగుతూనే ఉంటుంది.

ఇలా లోపలికి వెళ్లేటప్పుడు ఖాళీ బ్రాకెట్లతో రీడ్‌డిర్() అని రాయొద్దు. అది చివరగా తెరిచిన హ్యాండిల్‌ను తీసుకుంటుంది, లోపలి ఫోల్డర్ నుంచి వెనక్కి వచ్చాక పైదాన్ని చదవడం తప్పిపోతుంది. ప్రతిసారీ హ్యాండిల్ ఇవ్వండి, లూప్ అయ్యాక క్లోజ్‌డిర్‌తో మూసేయండి. తెరిచిన హ్యాండిల్స్‌ను అర్రేలో (జాబితాలో) దాచుకుంటూ పోతే, చాలా లినక్స్ యంత్రాల్లో ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) ఒకేసారి తెరవగల ఫైళ్లకు ఉండే 1024 పరిమితి తగిలి ఓపెన్‌డిర్ విఫలమవుతుంది.

నిజానికి అయిదు ఫోల్డర్లకు స్కాన్‌డిర్ చాలు. పేర్లన్నీ ఒకేసారి అర్రేగా ఇస్తుంది, ఫర్‌ఈచ్‌తో తిరిగితే సున్నా బెడద ఉండదు, మూయాల్సిన హ్యాండిలూ ఉండదు. లక్షల ఫైళ్లుంటే మాత్రం మెమరీ ఎక్కువ తింటుంది కాబట్టి ఓపెన్‌డిర్ మేలు. స్కాన్‌డిర్ వరుసలో 10వ అంతస్తు 2 కన్నా ముందొస్తుంది, అంకెల వరుస కావాలంటే ఆ అర్రే మీద నాట్‌సార్ట్ నడపండి.