కొలిమిలోని గెలాక్సీ: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

ఎన్‌జీసీ 1365 గెలాక్సీ మీద నీవు రాసి పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. మొదటి పేరాలో ‘అనంతం’ అన్న మాట నాలుగుసార్లు వచ్చింది; గెలాక్సీ మాత్రం ఒక్కసారీ కనబడలేదు. ఆ పేరా కొట్టివేసి, టెలిస్కోపుకు కన్ను ఆనించినవాడికి ఏమి కనబడుతుందో అక్కడ మొదలుపెట్టు. చిన్న టెలిస్కోపులో అది అద్దం మీద ఊదిన ఊపిరిలాంటి బూడిదరంగు మరక. సూటిగా చూస్తే జారిపోతుంది, చూపు కాస్త పక్కకు తిప్పితే తేలుతుంది. నీవు వర్ణించిన నీలి సర్పిల భుజాలు, గులాబీ చుక్కలు ఫొటోలలోనివి. 1826లో ఖగోళ పరిశీలకుడు జేమ్స్ డన్‌లప్ ఆస్ట్రేలియా నుంచి దాన్ని గుర్తించేనాటికి ఆకాశాన్ని ఫొటో తీసే విద్యే లేదు. కంటికి అందినదేదో, కెమెరా పోగుచేసినదేదో విడదీసి చెప్పకపోతే, ఆశగా చూడబోయిన పాఠకుడు నిన్ను మళ్లీ నమ్మడు.

దూరం దాదాపు 6 కోట్ల కాంతి సంవత్సరాలని రాసి ఊరుకున్నావు. ఈ విషయంలో నేనూ ఒకసారి తప్పులో కాలేశాను. ఆ గెలాక్సీలో 2012లో ఒక సూపర్నోవా కనిపించినప్పుడు, ‘ఈ ఏడాది ఒక నక్షత్రం పేలింది’ అని రాశాను. ‘అయితే ఆ వెలుగు మనదాకా రాత్రికి రాత్రే వచ్చిందా?’ అని ఒక పాఠకుడు కార్డు ముక్క రాశాడు. భూమి మీద డైనోసార్లు అంతరించిన తరువాతి కాలంలో బయలుదేరిన వెలుగు అది.

అది ఫోర్నాక్స్, అంటే కొలిమి, అనే నక్షత్రమండలంలో ఉందన్నది ఒక్క వాక్యంతో సరిపోతుంది. నీవు ఒక్క వాక్యంతో దాటేసిన కడ్డీకి మాత్రం రెండు పేరాలు కావాలి. గెలాక్సీ నడుమ అడ్డంగా పరచుకున్న ఆ నక్షత్రాల కడ్డీ వెంబడి వాయువు, ధూళి లోపలికి జారి, కేంద్రం చుట్టూ కొత్త నక్షత్రాలకు ముడిసరుకవుతున్నాయి. అందులో కొంత నట్టనడుమనున్న కృష్ణబిలానికి చేరుతుంది. దాని దగ్గరి ఇనుప పరమాణువుల ఎక్స్‌రే వెలుగును విడదీసి చూస్తే వచ్చే రేఖ ఆకారం చెదిరి ఉండటం కృష్ణబిలం వల్లనా, అడ్డువచ్చిన వాయుమేఘాల వల్లనా అన్న సందేహం చాలాకాలం నడిచింది. 2013లో రెండు ఎక్స్‌రే టెలిస్కోపుల పరిశీలనలను కలిపి చూసినవారు, అది కృష్ణబిలం పనేననీ, ఆ బిలం అతివేగంగా తిరుగుతోందనీ తేల్చారు. నీవు ఆ తీర్పును మాత్రమే రాశావు. పాఠకుణ్ణి ముందు ఆ సందేహంలో కాసేపు నిలబెట్టు.

తిరగరాశాక మొత్తం పంపనక్కరలేదు, కడ్డీ గురించిన ఆ రెండు పేరాలు ముందు పంపు.